పేగు బ్యాక్టీరియా వల్ల క్యాన్సర్ తిరగబెడుతుందా?

ప్రశ్న: మా బాపుకు 58 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. లింఫు గ్రంథుల్లోనూ క్యాన్సర్ కణాలు కనిపించాయని ఇప్పుడు కీమో ఇస్తున్నారు. పేగులోని చెడ్డ బ్యాక్టీరియా వల్లే జబ్బు తిరగబెడుతుందని, ప్రోబయాటిక్ పొడి వాడితే ఆ భయం ఉండదని తెలిసినవారొకరు చెబుతున్నారు. వాడవచ్చా? తిరగబెట్టేదీ లేనిదీ మలపరీక్షలో ముందే తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: ఆ మాటలో మొదటి సగంలో కొంత నిజముంది, రెండో సగానికి ఆధారం లేదు. మామూలుగా నోటిలో, పళ్ల చిగుళ్ల దగ్గర ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటం అనే సూక్ష్మజీవి పెద్దపేగు కణితుల్లో అధికంగా కనిపిస్తోందని 2012లో రెండు పరిశోధక బృందాలు గుర్తించాయి. అది కాలేయానికి పాకిన కణితుల్లోనూ సజీవంగా ఉంటోందని, కొన్ని కీమో మందులకు క్యాన్సర్ కణాలు లొంగకుండా తోడ్పడుతోందని, జబ్బు తిరగబెట్టినవారి కణితుల్లో మరింత ఎక్కువగా ఉందని 2017లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. అంతమాత్రాన అదొక్కటే కారణమని అనలేం. కణితి పేగు గోడలోకి ఎంత లోతుగా దిగింది, ఎన్ని గ్రంథులకు పాకింది అన్నవే నేటికీ డాక్టర్లు ప్రధానంగా చూసే అంశాలు.

ఆ పరిశోధనల్లోనే, ఈ సూక్ష్మజీవి ఉన్న రోగుల కణితులను ఎలుకల్లో పెంచి, దాన్ని చంపే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే కణితి పెరుగుదల మందగించింది. నీళ్ల విరేచనాలు కాగానే మన ఊళ్లలో చీటీ లేకుండా కొనేసే మాత్ర ఇదే కాబట్టి ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను. ఇది ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందు విషప్రభావాన్ని పెంచే అవకాశం ఉంది. కీమో రోజుల్లో విరేచనాలైతే సొంత వైద్యం మాని, చికిత్స చేస్తున్న ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ప్రోబయాటిక్ పొడి క్యాన్సర్‌ను తిరగబెట్టకుండా ఆపుతుందని రుజువు కాలేదు. పైగా తెల్ల రక్తకణాలు పడిపోయిన సమయంలో అందులోని సజీవ బ్యాక్టీరియా, అరుదుగానైనా, రక్తంలో చేరి ఇన్‌ఫెక్షన్ తేవచ్చు. డాక్టరు చెప్పనిదే వాడకండి. జొన్నరొట్టె, మక్కగట్క వంటి పీచున్న తిండిని, పేగు కుట్లు మానాక, డాక్టరు అనుమతితో కొద్దికొద్దిగా మొదలుపెట్టవచ్చు.

జబ్బు తిరగబెడుతుందో లేదో బ్యాక్టీరియాను బట్టి తేల్చి, చికిత్స నిర్ణయించే మలపరీక్ష ప్రస్తుతం వాడుకలో లేదు. ఈ క్యాన్సర్ ఉన్న చాలామంది రక్తంలో పెరిగే సీఈఏ అనే ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్షను మొదటి రెండేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాత ఐదేళ్లు నిండేదాకా 6 నెలలకోసారి చేయిస్తారు. సీటీ స్కాన్లు, ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) కూడా ఉంటాయి. సీఈఏ కోసం హనుమకొండలో రక్తమిచ్చినా, హైదరాబాదులో ఇచ్చినా ఎప్పుడూ ఒకే ల్యాబులో ఇవ్వండి. ల్యాబు మారితే పద్ధతి మారి, అంకెలను పోల్చడం కష్టమవుతుంది.

మీరు అడగకున్నా చెప్పవలసినది ఒకటుంది. తండ్రికి 60 ఏళ్లలోపే ఈ క్యాన్సర్ వచ్చింది కనుక, మీరూ మీ తోబుట్టువులూ 40వ ఏట నుంచే కొలనోస్కోపీ చేయించుకోవడం అవసరం.