ఎండకు కాదమ్మా, వైరుకు చూసుకోండి

ప్రశ్న: మొన్న ఆదివారం భీమిలి నుంచి వస్తుంటే రోడ్డు పక్కన ఒక కారు కాలిపోతోంది. అందులోవాళ్లు దిగిపోయారు గానీ, మా పిల్లలు ఆ రాత్రి నిద్రపోలేదు. మాదీ ఆరేళ్ల పెట్రోల్ కారే. రెండు నెలల కిందట బయట కొట్లో ఎక్కువ వెలుగొచ్చే బల్బులు, పాటలకు ఆంప్లిఫైయర్ వేయించాం. ఎండాకాలం ట్యాంకు నింపితే అంటుకుంటుందంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: అమ్మా, గాజువాక ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా కార్ల వైరింగ్ పనే చేస్తున్నాను. ఎండకు కారు అంటుకోదు. పెట్రోల్ తనంతట తాను మండాలంటే వేడి 250 డిగ్రీలు దాటాలి. నాజిల్ టక్కున ఆగాక ఇంకా పోయించకండి, చాలు.

నాకు భయమేసింది మీరు రాసిన ఆంప్లిఫైయర్ మాటకి. పోయిన వేసవిలో ఒక కారు కాలిన వాసన వస్తోందని నా దగ్గరికొచ్చింది. బ్యాటరీ నుంచి ఆంప్లిఫైయర్ వైరును ఇంజన్‌కీ సీట్లకీ మధ్యనున్న రేకుకు కన్నం పెట్టి లాగారు. కన్నానికి రబ్బరు బుష్ లేదు. కుదుపు కుదుపుకీ రేకు అంచు వైరు తొడుగును కోసేసింది. లోపలి రాగి బయటపడింది, రేకు మీద ఆవగింజంత నల్లమచ్చ. నిప్పురవ్వ అప్పటికే ఒకసారి రాలిందన్నమాట! వైరుకు ఫ్యూజే లేదు. నా చేతులు చల్లబడిపోయాయి. ఆ వైరు రేకుకు ఆనుకుపోతే బ్యాటరీ వందల ఆంపియర్లు వదిలేస్తుంది, ఆపేవాళ్లుండరు.

బల్బుల సంగతీ అంతే. మామూలు 60 వాట్లవి రెండూ కలిసి 10 ఆంపియర్లు లాగుతాయి. 100 వాట్లవి పెడితే దాదాపు 17. పాత వైరు మీదే, రిలే (బల్బుల కరెంటును బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చే చిన్న స్విచ్ డబ్బీ) లేకుండా పెట్టారంటే వైరులో వేడి మూడు రెట్లకు దగ్గరగా పెరుగుతుంది. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేసేవాళ్లని చూస్తే నాకు కోపం ఆగదు. అది పోయి మిమ్మల్ని కాపాడుతోంది కదా!

మన ఊరి ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ బోల్టులు చిలుమెక్కి వదులవుతాయి. వదులైన చోట వేడెక్కుతుంది. సెల్లార్లో ఎలుకలుంటే వైర్లనూ పెట్రోల్ గొట్టాన్నీ కొరుకుతాయి. పెట్రోల్ వాసనొస్తే బండి తీయకండి. కారిన పెట్రోల్ కాగిన సైలెన్సర్ గొట్టం మీద పడితే ఇక చెప్పక్కర్లేదు.

దారిలో పొగ వస్తే పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, వెంటనే లాకులు తీసేయండి. వైర్లు కాలాక సెంట్రల్ లాక్ మాట వినకపోవచ్చు. వెనక తలుపులకు చైల్డ్ లాక్ ఉంటే పిల్లలు లోపల్నుంచి తీయలేరు, ముందు మీరు దిగి బయటనుంచి తీయాలి. వంద అడుగులు దూరం పోయి 101కి ఫోన్ చేయండి. బానెట్ ఎత్తొద్దు, గాలి తగిలి మంట మొహం మీదికి లేస్తుంది.

ఇప్పుడైతే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, బ్యాటరీ ప్లస్ నుంచి లోపల ఆంప్లిఫైయర్‌కు పోయే ఆ లావు వైరును చూడండి. జానెడు దూరంలో ఫ్యూజ్ డబ్బీ కనబడకపోతే ముందు ఆ వైరు ఊడదీయించండి. పిల్లల్ని ఆ తర్వాతే ఎక్కించండి.