తోక ఊపుతూనే ఉన్నా సాగనంపొచ్చా?

మీ పదకొండేళ్ల లాబ్రడార్‌కి ప్లీహంలో హెమాంజియోసార్కోమా (రక్తనాళాల క్యాన్సర్) అని తేలింది, ఇంకా తోక ఊపుతోంది కదా, ఇప్పుడే బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పిస్తే తొందరపడినట్టా అని అడిగారు. కాదండీ. తోకను చూసి నిర్ణయించకండి, కుక్కలు నొప్పిలోనూ మనల్ని చూస్తే ఊపుతాయి.

మా వాడికీ ఇదే జబ్బు. పెరుగన్నం అంటే ప్రాణం పెట్టేవాడు, ఒక రోజు గిన్నె దాకా వచ్చి వాసన చూసి తల తిప్పేసుకున్నాడు. ఇంకో వారం చూద్దాం అనుకున్నాను, ఆ వారంలోనే అర్ధరాత్రి లోపల రక్తస్రావమై నా కళ్లముందే అల్లాడిపోయాడు, అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే రోజూ పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లబడినా, పొట్ట ఉబ్బినా, ఉన్నట్టుండి కూలబడినా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ తయారుచేసిన స్కేల్ ఒకటుంది: నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది, ఏడింటికీ పదేసి మార్కులు, పరిస్థితి ఎంత బాగుంటే అన్ని ఎక్కువ. మొత్తం 35 దాటకపోతే ఇక ఆగొద్దు. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం అస్సలు వేయకండి.

ముందు మత్తు ఇవ్వమని డాక్టర్‌ని అడగండి, ఆ తర్వాతి ఇంజెక్షన్‌తో కొద్ది నిమిషాల్లోనే గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, కంగారుపడకండి. చివరిదాకా తల మీ ఒళ్లోనే ఉంచుకోండి.