ఆఫీసులో సంగటి డబ్బా మూత తీయలేకపోతున్నాను

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం దగ్గర పల్లె. పదేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి నాకు రాగిసంగటి అంటే ప్రాణం. ఒకసారి ఆఫీసుకు తీసుకెళ్తే పక్క సీటావిడ "అదేంటి, అంత నల్లగా ఉంది?" అంది. అందరూ తిరిగి చూశారు. అప్పటి నుంచి రెండు చపాతీలు పెట్టుకుని వెళ్తున్నాను. అవి చాలవు. నాలుగింటికల్లా ఆకలేసి బిస్కెట్లు, మిక్చర్ తింటున్నాను. అదే ఆవిడ ఈ మధ్య కొర్రల ఉప్మా, రాగిదోసె తెప్పించుకుని "మిల్లెట్స్ మొదలుపెట్టాను" అని అందరికీ చెబుతోంది. మొన్న మా ఎనిమిదేళ్ల పాప "అమ్మా, నా బాక్సులో సంగటి పెట్టొద్దు" అంది. ఆఫీసు సంగతి నేను దానితో ఎప్పుడూ చెప్పలేదు. చాలా ఏడుపొచ్చింది. తిండి దగ్గర కూడా ఇంత టెన్షన్ పడటం నా బలహీనతేనా?
— ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: బలహీనత కాదమ్మా. మీ ఉత్తరం చదువుతుంటే నాకు 1979 గుర్తొచ్చింది. మాది రాయచోటి పక్కన పల్లె. నేను తిరుపతిలో హాస్టల్లో చేరిన కొత్తలో మా అమ్మ రాగిరొట్టెలు కాల్చి, చెనక్కాయల ఊరిబిండి మధ్యలో పెట్టి, తెల్లగుడ్డలో మూటగట్టి పంపింది. గదిలో మిగతా ముగ్గురిలో ఇద్దరు డెల్టా పిల్లలు. "మీ ఇంట్లో ఏం తింటారు?" అని ఒకమ్మాయి మామూలుగానే అడిగింది. "మేమూ అన్నమే" అన్నాను. ఆ రొట్టెలు అందరూ పడుకున్నాక మెట్ల మీద కూర్చుని తిన్నాను. చల్లారిన రాగిరొట్టె గట్టిపడుతుంది. నమిలితే ఎవరికైనా వినపడుతుందేమోనని నోట్లో నాననిచ్చి మింగాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా ఆసుపత్రిలో ఎంతోమందికి ఏం తినాలో చెప్పాను. ఆ అబద్ధం మాత్రం ఈరోజుకీ గుచ్చుకుంటుంది.

నన్నెవరూ ఎగతాళి చేయలేదు. మరెందుకు దాచాను? వరన్నం గొప్ప, సంగటి తక్కువ అన్న లెక్క హాస్టల్‌కు రాకముందే నాలో ఉంది. మా ఇంట్లో వరన్నం వండేది పండక్కి, జ్వరం తగ్గి పథ్యం పెట్టేటప్పుడు, లేదంటే అల్లుడో వియ్యంకుడో వచ్చినప్పుడు. చుట్టం వాకిట్లో చెప్పులు విడుస్తుండగానే అమ్మ సంగటి కుండ మీద చాట బోర్లించేది. సంగటి తినడం సిగ్గుపడాల్సిన పని అని మాకు నోటితో చెప్పినవాళ్లు లేరు. ఆ చాటను చూసే నేర్చుకున్నాం.

ఇది మా అమ్మ తప్పు కూడా కాదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. నీళ్లు పారినచోట వరి, వరి పండినచోట డబ్బు. వానను నమ్ముకున్న సీమలో, పాలమూరులో రాగి, జొన్న, కొర్ర. కంచంలో గింజను చూస్తే ఆ ఇంటి పొలానికి నీళ్లున్నాయో లేదో తెలిసిపోయేది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చినప్పుడు నాన్న సైకిల్ మీద తెచ్చిన సంచిని అమ్మ విప్పకుండా కాసేపు చేత్తో తడిమింది. ఆ బియ్యం ఎన్ని కడుపులు నింపిందో కళ్లారా చూశాను, దాన్ని ఒక్క మాట అనను. కానీ మా తిరగలి ఆ తర్వాత రెండు మూడేళ్లకే పెరట్లోకి చేరింది. మా అవ్వ ఎవరు కనబడినా "సంగటి తింటివా?" అని పలకరించేది. ఇప్పుడు మా ఊళ్లో కూడా "అన్నం తిన్నావా?" అనే అడుగుతారు.

ఇక మీ పక్క సీటావిడ. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ గింజలకు పోషక ధాన్యాలని పేరు పెట్టింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పెద్ద హోటళ్లలో సంగటి, నాటుకోడి పులుసు మెనూకెక్కాయి. ఇప్పుడు రాగిదోసె తింటే నలుగురూ మెచ్చుకుంటారు కాబట్టి ఆవిడకు చెప్పుకోవాలనిపిస్తోంది. మీ డబ్బా చూసిన రోజున ఆవిడకు ఆ ధైర్యం ఇచ్చేవాళ్లు లేరు. మిమ్మల్ని నొప్పించాలని అనుంటుందని నేననుకోను.

రెండు చపాతీల సంగతి మాత్రం నన్ను ఎక్కువ కంగారుపెట్టింది. పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి మనం తినే కొలత మారుతుంది. జాన్ డి కాస్ట్రో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఏం తిన్నారో, ఎవరితో తిన్నారో జనం చేత డైరీల్లో రాయించాడు. ఒంటరిగా తిన్నప్పటికంటే నలుగురితో కలిసి తిన్నప్పుడు ఎక్కువ తిన్నారని తేలింది. పెళ్లి పంక్తిలో మారు వడ్డించినప్పుడు వద్దనలేని మన మొహమాటం ఆ కోవలోదే. దీనికి తిరగబడిన సంగతీ ఉంది. 1987లో అచ్చయిన ఒక పరిశోధనలో, మంచి అభిప్రాయం కలిగించాలనుకున్న మగవాడు ఎదురుగా ఉంటే అమ్మాయిలు తక్కువ తిన్నారు. మన ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. ఆఫీసులో చిన్న డబ్బా, ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. దానికి కారణాలు చాలా ఉన్నా, చాలని డబ్బాను నేను చిన్న విషయంగా తీసుకోలేను. మీరు నాలుగింటికి బిస్కెట్ల మీద పడటం నోటి చాపల్యం కాదు. మధ్యాహ్నం మీరు తినకుండా వదిలేసిన తిండే అప్పుడు అడుగుతోంది.

కాబట్టి ముందు డబ్బా పెద్దది చేయండి. ఒక ముద్ద సంగటి, గిన్నెడు పప్పు, ఆకుకూర. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలిష్ బియ్యంలో అది పది మిల్లీగ్రాములు దాటదు. అలాగని సంగటిని మందులా చూడకండి. అందులో నూకలూ ఉంటాయి, మెత్తటి పిండీ ఉంటుంది. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

మొదటి రోజే అందరి మధ్యా మూత తీయమని చెప్పను. మీకు దగ్గరి స్నేహితురాలు ఒకరుంటారు కదా, ఆమె కోసం ఇంకో ముద్ద పెట్టుకెళ్లండి. ఇద్దరు తింటుంటే ఎవరూ తిరిగి చూడరు. ఆసుపత్రిలో మా దగ్గర ఒక నర్సమ్మ రోజూ జొన్నరొట్టె తెచ్చుకుని స్టోర్ రూములో తినేది. నేను నా డబ్బా తీసుకెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. నెల తిరక్కముందే ఆ బల్ల దగ్గర ఐదుగురం అయ్యాం. నాకు 1979లో దొరకని బల్ల అది.

పాపకు లెక్చర్ ఇవ్వకండి. మీరు దానితో ఏమీ చెప్పలేదంటున్నారు కానీ, ఇంట్లో సంగటి ఉన్న రోజున కూడా మీరు చపాతీలు సర్దుకోవడం అది రోజూ చూస్తోంది. దాని బాక్సులో కొన్నాళ్లు పెట్టకండి, అది అడిగేదాకా ఆగండి. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం సంగటి గిన్నెను వంటింట్లో దాచకుండా అన్నం గిన్నె పక్కనే పెట్టండి. మొదటి ముద్ద మీరే వేసుకోండి, పాప ఎదురుగా.

ఈ ఆదివారం దాన్ని వంటింట్లోకి పిలవండి. నూకలు మెత్తగా ఉడికాక పిండి పోసి, సన్నమంట మీద మూతపెట్టి, తెడ్డుతో ఉండలు లేకుండా కలపడం మీ పని, వేడి కాబట్టి. కాస్త చల్లారాక చిన్న గిన్నెకు లోపల తడి చేసి పాపకివ్వండి. అందులో సంగటి వేసి గుండ్రంగా తిప్పమనండి. మొదటిది అతుక్కుంటుంది. ఇంకొంచెం నీళ్లు రాసుకోమనండి, రెండోది ముద్దగా దిగుతుంది.