అమ్మలూ, ముందు హెడర్ చూడు

చి. అమ్మలుకు, పెదనాన్న ఆశీస్సులు.

2024 మే 14 నాటి ఎక్స్ 8.7 సౌరజ్వాల (ఎక్స్ అంటే అన్నిటికంటే బలమైన తరగతి) మీద ప్రాజెక్టు తీసుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో గర్వం విని నాకూ పొంగింది గానీ, పెట్టేశాక గుబులు పట్టుకుంది.

చిన్నవి ముందు అనేస్తాను. నువ్వు దించుకునే నాసా ఎస్‌డీఓ ఉపగ్రహం ఫైళ్ళలో టైం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. ఆ జ్వాల పతాకస్థాయి 16:51, అంటే మనకు రాత్రి 10:21. హెచ్‌ఎమ్‌ఐ (అందులో సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) ఫైళ్ళ రికార్డు టైం మాత్రం టీఏఐలో, అంటే అణు గడియారాల సమయంలో ఉంటుంది, యూటీసీ కంటే 37 సెకన్లు ఎక్కువ చూపిస్తుంది. హీలియోవ్యూయర్ వెబ్‌సైట్ బొమ్మలు చూసుకోవడానికే, వాటి మీద కొలతలు తీయకు. ఏఐఏ అంటే అదే ఉపగ్రహంలో సూర్యుణ్ణి అతినీలలోహిత కాంతిలో ఫొటోలు తీసే కెమెరాలు. దాని ఫ్రేము 4096×4096 పిక్సెళ్ళు. 12 సెకన్లకొకటి చొప్పున గంటకు 300. విప్పితే ఒక్క తరంగదైర్ఘ్యానికే 20 జీబీ దాకా తింటుంది. పశ్చిమపు అంచున ఉన్న 13664 నంబరు సూర్యమచ్చల ప్రాంతం ముక్క దించుకుంటే చాలు.

ఇప్పుడు నా గుబులు దేనికో చెప్తాను. 131 ఆంగ్‌స్ట్రామ్ తరంగదైర్ఘ్యపు ఏఐఏ ఫ్రేములు వరసగా పేర్చి, వెలుగు మొత్తం కూడి గీత గీస్తావు. జ్వాల పెరిగే కొద్దీ ఆ గీత రంపపు పళ్ళలా లేస్తూ పడుతూ ఉంటుంది, సరిగ్గా 24 సెకన్లకొకసారి. కంపనాలు దొరికాయని నీకు నిద్ర పట్టదు. అది సూర్యుడి పని కాదు తల్లీ, కెమెరా పని. మామూలుగా 2, 3 సెకన్లుండే, వెలుగు పోగుచేసుకునే వ్యవధి అయిన ఎక్స్‌పోజర్‌ను, జ్వాల వచ్చినప్పుడు కెమెరా తనంతట తానే ఫ్రేము విడిచి ఫ్రేములో తగ్గించుకుంటుంది. రెండు పన్నెండ్లు ఇరవై నాలుగు!

ఎక్స్‌పోజర్‌తో (ప్రతి ఫైలు మొదట్లో ఉండే వివరాల పట్టీ, అదే హెడర్, అందులో రాసి ఉంటుంది) భాగిస్తే సరిపోతుందనుకుంటారు. చాలామంది అక్కడే రెండోసారి పడతారు. కెమెరా 14 బిట్లది, 16383 దాటి లెక్కపెట్టలేదు. జ్వాల నడిబొడ్డున ఉన్న పిక్సెల్ 2.9 సెకన్ల ఫ్రేములో 16383 దగ్గర ఆగిపోయిందనుకో, భాగిస్తే సెకనుకు 5649. పక్కనే 0.2 సెకన్ల ఫ్రేములో అదే పిక్సెల్ 9000 చూపితే సెకనుకు 45000. రంపం పోలేదు చూశావా, తలకిందులైందంతే! ఇందాక పొడుగు ఎక్స్‌పోజర్లు పైన ఉండేవి, ఇప్పుడు కింద ఉన్నాయి. అందుకని పొడుగు ఫ్రేముల్లో 16000 దాటిన పిక్సెళ్ళనూ, వాటి నుంచి పొంగి నిలువుగా కారిన గీతలనూ తీసెయ్. నడిబొడ్డు లెక్కకు పొట్టి ఫ్రేములే వాడు, జ్వాల చుట్టూ వంపు తిరిగి ఉండే మసక ఉచ్చులకు పొడుగువి. రెండూ కలిపి ఒకే గీతలో కుట్టకు.

ఇంకొకటి. 2000 జులై 14 జ్వాల తర్వాత సోహో అనే పాత సౌర ఉపగ్రహంలోని లాస్కో కెమెరా బొమ్మలు మంచు కురిసినట్టు తెల్లబోయాయి. డిటెక్టరుకు తగిలిన ప్రోటాన్లవి. నీకు అంత తిప్పలుండదు, ఏఐఏ లెవెల్ 1లో, అంటే మొదటి శుద్ధి అయిన ఫైళ్ళలో, అలాంటి చుక్కల్ని ముందే ఏరేస్తారు. ఏరడంలో బియ్యంలో రాళ్ళతో పాటు గింజలూ పోతాయి. జ్వాల మొదట్లో మెరిసే సన్నటి చుక్కలు ఒక్కోసారి అలాగే పోతాయి. ఏఐఏపై అనే పైథాన్ ప్యాకేజీలో రెస్పైక్ అని ఉంది, దానితో వెనక్కి పెట్టుకో. బొమ్మను తిప్పి, సైజు సరిచేసి లెవెల్ 1.5 చేశాక అది కుదరదు, ముందే చెయ్యాలి.

మన ఇస్రో సౌర నౌక ఆదిత్య ఎల్1 డేటా కూడా కలుపుతావట. శ్రీహరికోట నుంచి వెళ్ళిందన్న ముచ్చట నాకూ ఉంది. కానీ ఏ పరికరం ఆ పూట పనిలో ఉందో ముందు చూసుకో. మే 10, 11 తుఫాను రోజుల్లో దానిలోని సూట్, వెల్క్ పరికరాలు రెండూ బేకింగ్ (వేడిచేసి శుభ్రపరచడం), క్యాలిబ్రేషన్ (కొలతలు సరిచూడడం) పనుల్లో ఉండి ఏమీ చూడలేదు. పైగా ఆదిత్య మనకంటే 15 లక్షల కిలోమీటర్లు సూర్యుడి వైపు ఉంది, అదే వెలుగు దానికి 5 సెకన్ల ముందే అందుతుంది.

మీ హాస్టల్ డాబా మీద చిన్న టెలిస్కోపు పెట్టారని కూడా విన్నాను. ఐపీసుకు, అంటే కన్ను పెట్టే చోట, బిగించే నల్ల ఫిల్టరు దానితో పాటు వచ్చి ఉంటే, ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు దాన్ని పారెయ్. వేడికి అది పగలడానికి క్షణం చాలు, కన్ను తీసే వ్యవధి ఉండదు. ఫిల్టరు గొట్టం ముందు వైపే ఉండాలి. కోప్పడుతున్నాననుకోకు, నీ కళ్ళ గురించి నాకు మొదటినుంచీ భయమే.

గీత గీశాక నాకు పంపు. దాని కింద ఎక్స్‌పోజర్ గీత కూడా ఉండాలి, లేకపోతే చూడకుండా తిప్పి పంపుతాను. డిస్కు కొనకు, నా దగ్గర ఖాళీది ఉంది, వచ్చినప్పుడు పట్టుకెళ్ళు.

మీ పెదనాన్న