బోరు నీళ్లతో ఇంటి దగ్గర కారు కడగడానికి ఏమేం కొనాలి?

ఒంగోలులో కొత్తగా నల్ల కారు కొన్నామని, బోరు నీళ్లే దిక్కని, కడగడానికి ఏం కొనాలో, ఏ పాలిష్ మంచిదో చెప్పమని అడిగారు.

పాలిష్ ఇప్పుడే వద్దండి. పాలిష్ అంటే పెయింట్ పైపొరను కాస్త అరగదీయడమే, కొత్త కారుకు ఆ పని లేదు. మెరుపు నిలవాలంటే వ్యాక్స్ (పెయింట్ మీద పూసే మైనం లాంటి పూత) చాలు, అదీ తర్వాత చూసుకోవచ్చు. ముందు మంచి గుడ్డల మీద డబ్బు పెట్టండి.

నేను పని మీద చీమకుర్తి వైపు తిరుగుతుంటాను. క్వారీ లారీల వెనక వెళ్లొస్తే బానెట్ నిండా సన్నటి రాతిపొడి. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే, ఎండలో నిలబెట్టినప్పుడు వెంట్రుకల్లాంటి గీతలు మెరుస్తూ కనబడతాయి. నలుపు మీద మరీను. అందుకే గుడ్డ తగలకముందే పైపుతో నీళ్లు కొట్టి ఆ పొడిని జారిపోనివ్వాలి.

బకెట్లు రెండు కావాలి, ఇంట్లోవైనా సరే. ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో వట్టి నీళ్లు. మైక్రోఫైబర్ గ్లౌజుతో టాప్ నుంచి కిందికి రుద్దుతూ రండి. ఒక్కో డోర్ అయ్యాక గ్లౌజును వట్టి నీళ్లలో జాడించి, ఆపైన షాంపూలో ముంచండి. చివర్లో ఆ జాడించిన బకెట్ అడుగున చెయ్యి పెట్టి చూడండి, ఇసుక గరగరలాడుతుంది. జాడించకపోతే అదంతా పెయింట్ మీదే రుద్దుతాం. గిన్నెల సబ్బు, సర్ఫు వాడకండి, ఉన్న వ్యాక్స్ కాస్తా పోతుంది. చక్రాలకు బ్రష్, గుడ్డ వేరేగా ఉంచుకోండి.

మన దగ్గర అసలు టెన్షన్ బోరు నీళ్లతోనే. వాటిలోని ఉప్పుల వల్ల ఆరిన చోటల్లా తెల్లటి చుక్కలు పడతాయి. అందుకని ఎండెక్కకముందే, నీడలో కడగండి. షాంపూ ఆరనివ్వకుండా ఒక పక్క కడిగేసి రెండో పక్కకు వెళ్లండి. చివరిసారి పోసేది మున్సిపల్ కుళాయి నీళ్లైతే మేలు, ఒక్క బకెట్ పట్టి ఉంచుకున్నా చాలు. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు మాత్రం పోయకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. వెంటనే 800 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో చెప్పే లెక్క, ఎక్కువైతే మందం) పైబడిన పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి, అద్దినట్టు లాగండి. మిగతా తుడుపులకు 300–400 జీఎస్ఎంవి నాలుగైదు సరిపోతాయి. అప్పటికే చుక్కలు పడి ఉంటే, తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, బండి చల్లగా ఉన్నప్పుడు గుడ్డతో అద్ది, వెంటనే కడిగేయండి.

కొత్తపట్నం బీచ్‌కి వెళ్లొచ్చిన రోజు బండి అడుగున కూడా పైపు పెట్టండి. ఆ ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది.

మైక్రోఫైబర్ గుడ్డల్ని ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి, ఫ్యాబ్రిక్ కండిషనర్ పోయొద్దు, నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది. నేల మీద పడ్డ గుడ్డను ఉతికేదాకా బాడీకి తగలనివ్వకండి.