లూపస్ ఉంది, ఇంప్లాంట్ సర్జరీకి ఎమర్జెన్సీ ఫండ్ తీయనా, ఈఎంఐ పెట్టుకోనా?

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్ళు. ఆరేళ్ళుగా లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తి ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉంది, హైడ్రాక్సీక్లోరోక్విన్, తక్కువ డోస్ స్టెరాయిడ్ వాడుతున్నా, ఏడాదిన్నరగా పెద్ద ఫ్లేర్ (జబ్బు ఒక్కసారిగా ఎక్కువవడం) రాలేదు. బ్రెస్ట్ ఇంప్లాంట్స్ చేయించుకోవాలని ఎప్పట్నుంచో ఉంది. క్లినిక్ వాళ్ళు చెప్పిన మొత్తంలో ముప్పావు వంతు మూడేళ్ళుగా కూడబెట్టా, మిగతా పావు వంతు ఈఎంఐ మీద కట్టుకోమంటున్నారు. నా ఎమర్జెన్సీ ఫండ్ నాలుగు నెలల ఖర్చులకి వస్తుంది. అందులోంచి తీయనా, ఈఎంఐ పెట్టుకోనా?

జవాబు: చూడమ్మా, ముందు ఒక మాట. మీ కోరికని నేను తప్పుపట్టట్లేదు. ఒంట్లో జబ్బున్న మనిషి అందం గురించి ఆలోచించడమే నేరమన్నట్టు చాలామంది మాట్లాడతారు, ఆరేళ్ళు మందులు మింగుతూ స్టెరాయిడ్‌కి మొహం వాచిపోయి అద్దంలో తనని తానే గుర్తుపట్టలేని రోజులు చూసినవాళ్ళకి తమ ఒంటి మీద ఒక్క విషయమైనా తమకి నచ్చినట్టు ఉండాలని అనిపిస్తే అందులో తప్పేముంది. కాబట్టి నేను చెప్పేదంతా డబ్బు సంగతి, ఆ డబ్బు మీ ఆరోగ్యంతో ముడిపడిన చోట కొంచెం ఆరోగ్యం సంగతి.

మీరడిగిన రెండిట్లో ఏదీ వద్దు. ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోవద్దు, ఈఎంఐ జోలికి పోవద్దు. ఎందుకంటే క్లినిక్ వాళ్ళు మీకు చెప్పిన మొత్తం పెట్టించుకోడానికి అయ్యే ఖర్చు మాత్రమే, తీయించుకోడానికి అయ్యేది అందులో లేదు.

ఇంప్లాంట్స్ జీవితాంతం ఉండేవి కావు. ఇది నా అభిప్రాయం కాదు, మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2021 అక్టోబర్‌లో కంపెనీలన్నీ ఇంప్లాంట్స్ మీద బాక్స్ కట్టి మరీ వేయాలని ఆర్డర్ ఇచ్చిన వార్నింగ్‌లో ఉన్న మాట. ఆపరేషన్‌కి ముందు పేషెంట్‌తో చదివించి సంతకం పెట్టించుకోవాల్సిన చెక్‌లిస్ట్ కూడా అప్పుడే తెచ్చారు. అందం కోసం పెట్టించుకున్నవాళ్ళలో నూటికి 20 మంది దాకా 8 నుంచి 10 ఏళ్ళలోపే తీయించుకోవాల్సి వస్తోందని వాళ్ళే చెప్తున్నారు. చుట్టూ ఏర్పడే పొర గట్టిపడి బిగుసుకుపోవడం, పగలడం, పక్కకి జరగడం, కారణం ఏదైనా సరే మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ మత్తు, మళ్ళీ సెలవు. దాంతోపాటు సిలికాన్ జెల్ రకమైతే లోపల చప్పుడు లేకుండా పగిలినా తెలియదు కాబట్టి పెట్టిన 5, 6 ఏళ్ళకి ఒకసారి, ఆ తర్వాత ప్రతి 2, 3 ఏళ్ళకి ఒకసారి అల్ట్రాసౌండో ఎమ్మారైయో చేయించుకోవాలని కూడా చెప్తున్నారు. ఆ స్కాన్‌లు మీ జేబులోంచే.

ఇప్పుడు మీ లెక్కే వేద్దాం. మూడేళ్ళలో ముప్పావు వంతు కూడబెట్టారంటే ఒక సర్జరీ మొత్తం దాచడానికి మీకు 48 నెలలు పడుతుంది. రెండో సర్జరీ పదేళ్ళకి వస్తుందనుకుని అదే మొత్తాన్ని 120 నెలలకి పంచితే, ఇప్పుడు మీరు నెలనెలా దాచేదాంట్లో నూటికి 40 వంతులు పదేళ్ళపాటు దానికే పక్కన పెట్టాలి. అదీ ధరలు ఒక్క పైసా పెరగవనుకుంటే, స్కాన్‌లు కలపకుండా. తీయడం అనేది ఒక్కోసారి చుట్టూ ఉన్న పొరతో సహా తీయాల్సి రావొచ్చు, అప్పుడు మొదటి ఆపరేషన్ కంటే పెద్ద పని.

ఇదంతా ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా వర్తించే లెక్క. మీ విషయంలో ఇంకో లేయర్ ఉంది. లూపస్, స్క్లెరోడెర్మా లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్ళలో ఇవి సేఫ్ అని నిర్ధారణ కాలేదని ఇంప్లాంట్ లేబుల్ మీదే ఉంటుంది. 1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ రిపోర్ట్ సిలికాన్ వల్ల ఇలాంటి జబ్బులు వస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదంది, క్లినిక్‌లో మీకు ఆ మాట చెప్పే ఉంటారు. కానీ జబ్బు కొత్తగా వస్తుందా అన్నది ఒక ప్రశ్న, ఆల్రెడీ జబ్బున్న ఒంట్లో పెడితే ఏమవుతుంది అన్నది ఇంకో ప్రశ్న, రెండూ కలిపేయొద్దు.

ఇంప్లాంట్స్ పెట్టించుకున్నవాళ్ళలో కొందరు నీరసం, కీళ్ళ నొప్పులు, మెదడు మందగించినట్టుండటం అని చెప్తుంటారు, తీయించుకున్నాక కొందరికి తగ్గిందని కూడా చెప్తారు. ఈ లక్షణాలన్నీ మీ లూపస్‌వి కూడానమ్మా! రేపు ఒళ్ళంతా నొప్పులొస్తే అది ఫ్లేరా, ఇంప్లాంటా అని తేల్చుకోడానికి ఎన్ని టెస్టులు, ఎంతమంది డాక్టర్లు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడకి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్ళవాతం), ఇంప్లాంట్స్ కూడా ఉన్నాయి, ఆవిడ ఫైల్‌లో రెండేళ్ళ బిల్లులు వరసగా పెట్టుకుని తెచ్చింది, అందులో సగానికి పైగా కారణం ఏంటో కనుక్కోడానికి అయినవే. చివరికి తీయించుకోడానికి పర్సనల్ లోన్ తీసుకుంది. అది గుర్తొచ్చే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నా.

స్టెరాయిడ్ వల్ల గాయం మానడం ఆలస్యమవుతుంది, ఇన్‌ఫెక్షన్ రిస్క్ పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ తగ్గకపోతే ఇంప్లాంట్ తీసేయాల్సి రావొచ్చు, మళ్ళీ పెట్టాలంటే నెలలు ఆగాలి. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు బరువులెత్తకూడదు, చేతులు పైకి లేపడమూ కష్టమే, ఫ్లేర్ రోజు పొద్దున్నే వేళ్ళు వాచి మాత్రల సీసా మూత కూడా తిప్పలేని పరిస్థితి మీకు తెలిసిందే కదా, ఆ రెండూ ఒకే వారంలో పడితే ఇంట్లో సాయానికి మనిషి కావాలి, ఆఫీసుకి ఇంకో నెల సెలవు కావాలి. నాలుగు నెలల ఫండ్ ఉన్నది ఇందుకే. నిజానికి దీర్ఘకాలం జబ్బున్నవాళ్ళకి నాలుగు నెలలు నాకు తక్కువ, ఎనిమిది తొమ్మిది నెలలదైనా ఉండాలంటా.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోవద్దు. అందం కోసం చేయించుకునే సర్జరీని పాలసీలు సాధారణంగా కవర్ చెయ్యవు, దాని వల్ల తర్వాత వచ్చే కాంప్లికేషన్స్ కూడా చాలావాటిలో ఉండవు. క్లాజ్ చదివి అర్థం కాకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. వారంటీ కూడా అంతే, పగిలితే కొత్తది ఇస్తామంటారు, కానీ ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, సర్జన్ ఫీజుల్లో ఎంత ఇస్తారో, ఎన్నేళ్ళదాకా ఇస్తారో విడిగా అడగాలి.

అందుకని ముందుగా ఖర్చుపెట్టాల్సింది మీ లూపస్ చూసే డాక్టర్, అంటే రుమటాలజిస్ట్ ఫీజు. ఈ సర్జరీ గురించి అని చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకోండి, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీస్ టెస్ట్ ఎప్పుడైనా చేశారా అడగండి, అవి ఉంటే రక్తం గడ్డకట్టే రిస్క్ ఎక్కువ, ఆపరేషన్ టైంలో ఆ సంగతి చాలా ముఖ్యం. మందులు ఏవి ఆపాలి ఏవి ఆపకూడదు అన్నది ఆయన, సర్జన్ ఇద్దరూ మాట్లాడుకుని చెప్పాలి, స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు ఎప్పుడూ ఆపొద్దు. లూపస్ ఉందని తెలిసీ మీ రుమటాలజిస్ట్‌తో మాట్లాడకుండానే డేట్ ఇచ్చేసే క్లినిక్ అయితే అడ్వాన్స్ కట్టొద్దు.

ఆయన సరే అంటే, ఈ ముప్పావు వంతు వేరే అకౌంట్‌లో వేసి దానికి "తీయించుకోడానికి" అని పేరు పెట్టండి. తర్వాత ఎమర్జెన్సీ ఫండ్‌ని ఎనిమిది నెలలకి తీసుకెళ్ళండి. పెట్టించుకునే డబ్బు దాచడం ఆ తర్వాతే మొదలుపెట్టండి. నాలుగేళ్ళకి పైనే ఆలస్యమవుతుంది, నాకు తెలుసు, చదవగానే బాధగా ఉంటుంది. కానీ ఆ అకౌంట్‌లో డబ్బుంటే రేపు ఒంట్లో తేడా అనిపించిన రోజు ఎవర్నీ అడక్కుండా తీయించేసుకోగలరు.

ఆయన వద్దంటే మళ్ళీ రాయండమ్మా, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో కూర్చుని చూద్దాం.