డ్యూటీ ఫ్రీలో కొన్నదానికి మళ్లీ సుంకమా?

ప్రశ్న: విదేశానికి వెళ్తూ, బయల్దేరిన విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ షాపులో ఒక్కోటి లీటరు చొప్పున మూడు విస్కీ సీసాలు, నా భార్యకు ఒక చేతి గడియారం కొన్నాను. మాతో పదేళ్ల బాబు ఉన్నాడు. మనిషికొకటి లెక్కన ముగ్గురికీ సరిపోతాయని షాపులో అమ్మాయే చెప్పింది. దిగాక గ్రీన్ చానెల్‌లోంచి వస్తుంటే ఆపి, ఒక సీసాకూ గడియారానికీ సుంకం కట్టమన్నారు, పైన పెనాల్టీ వేశారు. డ్యూటీ ఫ్రీ బిల్లు చూపించినా వినలేదు. నాకు రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ డబ్బు వెనక్కి వస్తుందా? ఈ గొడవలో పడి సూట్‌కేసు చక్రం విరిగిన సంగతి బసకు చేరాక గానీ చూసుకోలేదు. దానికేమైనా చేయవచ్చా? ఇది జరిగి నాలుగు రోజులైంది.

జవాబు: ముందు సూట్‌కేసు సంగతి చూద్దాం. మీరు చివర్లో అడిగారు గానీ గడువు దగ్గరపడింది దానికే. అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో చాలావాటికి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. దాని ప్రకారం, చెక్‌ఇన్ చేసిన సామాను దెబ్బతింటే చేతికందిన నాటి నుంచి 7 రోజుల్లోగా విమాన సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సామాను ఆలస్యంగా వస్తే ఈ గడువు 21 రోజులు. ఫోన్లో చెప్పాను, కౌంటర్లో చెప్పాను అంటే చెల్లదు. మీకింకా మూడు రోజులున్నాయి కాబట్టి ఇది చదవగానే రాసి పంపండి. బ్యాగేజీ ట్యాగు, బోర్డింగ్ పాసు, చక్రం ఫొటోలు జత చేయండి. ఫిర్యాదు చేయకుండా సామాను తీసుకుని బయటికి వచ్చారు కాబట్టి, అది బాగానే అందిందని ప్రాథమికంగా భావిస్తారు. విమానంలోనే విరిగిందని చూపించాల్సిన పని ఇప్పుడు మీమీద పడింది. బెల్టు దగ్గరే చూసుకుని ఉంటే ఈ తిప్పలు తప్పేవి. పరిహారానికి పరిమితి కూడా ఉంది. 2024 డిసెంబరు 28 నుంచి అది ఒక ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల్లో వాడే యూనిట్. మీకు కావాల్సింది ఒక్క చక్రం ఖరీదే కనుక ఆ పరిమితి మీకు అడ్డు రాదు. కోర్టుకు వెళ్లాల్సి వస్తే రెండేళ్లలోపు వెళ్లాలి.

ఇక డ్యూటీ ఫ్రీ. ఆ బోర్డు చూసి మీరే కాదు, బాగా చదువుకున్నవాళ్లూ మోసపోతారు. ఆ షాపు ఇచ్చే మినహాయింపు తన దేశపు పన్నుల నుంచి మాత్రమే. సరుకు దేశం దాటిపోతోంది కాబట్టి అక్కడి సుంకం వేయరు. మీరు దిగిన దేశానికి ఆ షాపుతో సంబంధమే లేదు. ఆ దేశం దృష్టిలో మీరు విస్కీని, గడియారాన్ని దిగుమతి చేసుకున్నారు. అందుకే మీరు చూపించిన బిల్లు సుంకం వద్దనడానికి పనికిరాలేదు సరికదా, వస్తువు విలువ ఎంతో అధికారికి చెప్పి పెట్టింది.

అయితే ప్రయాణికుడు కొంత సరుకును సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కస్టమ్స్ పద్ధతులపై దేశాలు కుదుర్చుకున్న సవరించిన క్యోటో ఒప్పందం ఇందుకు ఒక కనీస కొలత సూచిస్తుంది: 200 సిగరెట్లు, 2 లీటర్ల వైను లేదా 1 లీటరు స్పిరిట్లు (విస్కీ, బ్రాందీ లాంటి ఘాటు మద్యం), పావు లీటరు టాయిలెట్ వాటరు (పలుచటి సెంటు), 50 గ్రాముల పెర్ఫ్యూమ్. ఇది సిఫారసు మాత్రమే. ఏ దేశం లెక్క ఆ దేశానిదే. సిగరెట్లు, మద్యం విషయంలో వయసు షరతు పెట్టుకోవచ్చని కూడా అదే ఒప్పందం అంటుంది. మీ మూడో సీసా చిక్కుకుపోయింది ఇక్కడే. పదేళ్ల పిల్లవాడి పేరు మీద విస్కీ వాటా అడిగితే ఏ అధికారీ ఒప్పుకోడు. మిగతా రెండు సీసాల జోలికి రాలేదంటే లెక్క సరిగ్గానే కట్టారన్నమాట. షాపులో అమ్మాయి మాట నమ్మానని వాదించినా లాభం లేదు. అమ్మేవాళ్ల మాట కస్టమ్స్‌ను కట్టిపడేయదు.

గడియారం విషయం ఇంకాస్త ఆలోచించదగ్గది. విలువ పరిమితి దాటిన వస్తువుకు కొన్ని దేశాలు పైమొత్తం మీదే సుంకం వేస్తాయి, కొన్ని మొత్తం విలువ మీద వేస్తాయి. యూరోపియన్ యూనియన్‌లో విమాన ప్రయాణికులకు సాధారణ పరిమితి 430 యూరోలు. ఒకే వస్తువు విలువను ముక్కలు చేసి భార్యాభర్తల వాటాల్లో సర్దడం అక్కడ కుదరదు. అమెరికాలోనైతే తిరిగి వస్తున్న అక్కడి నివాసులు, ఒకే ఇంట్లో కలిసి ఉండే కుటుంబమైతే, ఒకే డిక్లరేషన్ ఇచ్చి మినహాయింపులు కలుపుకోవచ్చు. మీరు దిగింది ఏ దేశంలోనో ఉత్తరంలో రాయలేదు. అక్కడ ఈ రెండింట్లో ఏ పద్ధతి ఉందో చూసి, మీకు వేసిన సుంకంతో పోల్చండి. తప్పు దొరికితే ఇక్కడే దొరుకుతుంది. మీ భార్య వాటాను అసలు లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నది నాకు అనుమానంగానే ఉంది.

పెనాల్టీ మాత్రం సీసాల వల్ల వచ్చింది కాదు, మీరు నడిచిన దారి వల్ల వచ్చింది. గ్రీన్ చానెల్‌లో అడుగు పెట్టడమంటే 'పరిమితికి మించినదేదీ నా దగ్గర లేదు' అని అధికారికంగా చెప్పడమే. నోరు విప్పకపోయినా అది డిక్లరేషనే. అదే మూడు సీసాలతో రెడ్ చానెల్‌కు (చూపించాల్సింది ఉన్నవాళ్లు వెళ్లే దారికి) వెళ్లి ఉంటే సుంకంతో పోయేది. సుంకం కట్టడం ఇష్టం లేకపోతే సామాను అక్కడే ఉంచి, తిరిగి వెళ్లేటప్పుడు తీసుకెళ్లే వీలు కూడా చాలాచోట్ల ఉంటుంది. ఆపిన తర్వాత 'చెబుదామనే అనుకుంటున్నాను' అంటే నమ్మే అధికారిని నా సర్వీసులో చూడలేదు. అనుమానం ఉంటే రెడ్‌కే వెళ్లండి. అడిగినందుకు ఎవరూ జరిమానా వేయరు.

ఇప్పుడు సంతకం సంగతి. మీ దగ్గర కాస్తో కూస్తో బలమైన వాదన ఇదొక్కటే. ఆ కాగితం సుంకం లెక్కా, తప్పు ఒప్పుకున్నట్టు రాసిన వాంగ్మూలమా, అప్పీలు హక్కు వదులుకున్నట్టా? అది తేలకుండా నేను గట్టిగా ఏమీ చెప్పలేను. నకలు చేతిలో ఉంటే వెంటనే అనువాదం చేయించండి. లేకపోతే ఆ కస్టమ్స్ కార్యాలయానికి రాసి అడగండి. మామూలుగా అప్పీలు గడువు ఆ ఉత్తర్వు మీదే ఉంటుంది, చాలా దేశాల్లో అది రోజుల్లోనే ముగుస్తుంది. భాష రాదని, దుబాసీని ఇవ్వలేదని మొదటి ఉత్తరంలోనే రాయండి. తర్వాతెప్పుడో చెబితే అప్పటికప్పుడు కల్పించిన మాటలా వినిపిస్తుంది. సుంకం వెనక్కి వస్తుందని నేను ఆశ పెట్టను. పెనాల్టీ తగ్గించమని మాత్రం అడగవచ్చు: వస్తువులు దాచలేదు, బిల్లు మీరే తీసి చూపించారు, అమ్మకానికి తెచ్చినవీ కావు. దాచినవాడికీ తెలియక నడిచినవాడికీ జరిమానాలో తేడా చూపడం చాలా దేశాల పద్ధతి.

తిరుగు ప్రయాణంలో మధ్యలో విమానం మారేవాళ్లు సీసాల విషయంలో మరో మెలిక చూసుకోవాలి. క్యాబిన్ సామానులో 100 మి.లీ. దాటిన ద్రవాలు కుదరవని చాలా విమానాశ్రయాల్లో ఉన్న నిబంధన 2006 ఆగస్టులో లండన్‌లో బయటపడిన కుట్ర తర్వాత వచ్చింది. డ్యూటీ ఫ్రీ సీసాకు సడలింపు ఉంది గానీ, షాపువాళ్లు సీలు చేసిన పారదర్శక సంచిలో, బిల్లు లోపల కనిపించేలా ఉంటేనే. చివరి గమ్యం దాకా ఆ సీలు విప్పకూడదు. సంచి లోపలి బిల్లును ముందే ఫొటో తీసి పెట్టుకోండి, అధికారి అడిగితే సీలు చించాల్సిన పని ఉండదు. అమెరికా లాంటి చోట్ల దిగిన మొదటి విమానాశ్రయంలోనే సామానంతా తీసుకుని కస్టమ్స్ దాటాలి. అప్పుడు సీసాను చెక్‌ఇన్ పెట్టెలో పెట్టి మళ్లీ అప్పగించడమే క్షేమం. 70 శాతం దాటిన ఆల్కహాలును మాత్రం ఆ పెట్టెలోనూ పెట్టనివ్వరు.

ఉత్తర్వు నకలు, రెండు బిల్లులు, మీ ముగ్గురి బోర్డింగ్ పాసులు నాకు పంపండి. గడియారం లెక్క తప్పని తేలితే అప్పీలు ఉత్తరం ఎలా రాయాలో చెబుతాను. ఈలోగా చక్రం ఫిర్యాదు మాత్రం పంపేయండి.